సాయిబు మామ పెట్టిన టైము

మొన్న మార్కాపురంలో బ్యాటరీ వాచీలమ్మే దుకాణానికి నా పాత చేతిగడియారం పట్టుకుపోతే, దీనికయ్యే ఖర్చుతో కొత్తవి రెండొస్తాయి పెద్దాయనా, అన్నాడు దుకాణదారు. రావచ్చు గాని, వాటిలో ఏదీ నా ఉద్యోగం నిలబెట్టలేదు కదా.

అప్పుడు రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్నది. పుల్లలచెరువు పక్క పల్లెలో నేను టెంపరవరీ అయ్యవారిని. ఇనస్పెక్టరు వచ్చి మెచ్చుకుంటే ఖాయం, లేకుంటే నాయనతోపాటు పలకల గనిలో రాళ్లు చీల్చుకోవడమే. అదేమంత విషాదం కాదు గాని, నా చేతులు మెత్తనివి.

పట్టాళం నుంచి వచ్చిన మేనమామ, అద్దం పగిలి ముల్లు కదలని చవక వాచీ ఒకటి నాకు దయచేసినాడు. మార్కాపురంలో వాచీలు బాగుచేసే సాయిబు మామ మూత తీసి చూసి, "ఏంది అల్లుడూ, దీంతో బాయి తవ్వినావా?" అన్నాడు. మట్టి కడిగి, ఇంకో చచ్చిన వాచీలోని స్ప్రింగు దీంట్లో వేసి, కొత్త అద్దం, ఎర్రతోలు పట్టీ బిగించి ఇచ్చినాడు. ఆ వారమంతా ఎండకు సైతం నేను ఎడమచేతినే అడ్డం పెట్టుకున్నాను.

సర్కారువారు యుద్ధం కోసమని గడియారాలను గంట ముందుకు జరిపించినారు గదా, సాయిబు మామ దానికి ఒప్పుకోలేదు. బాగుచేసిన ప్రతి వాచీనీ పొద్దును బట్టి పాత టైముకే పెట్టి ఇచ్చేవాడు, తీసుకున్నవాళ్లే గంట ముందుకు తిప్పుకోవాలి. ఆ సంగతి తెలిసీ మోజులో మరిచిపోయినాను.

ఇనస్పెక్టరు వచ్చే రోజు, పది గంటల బడికి పదింటికే చేరేలా తీరిగ్గా నడుస్తుంటే, తపాలా మోసే అన్న ఎదురొచ్చి, "ఏంది అయ్యోరా, ఈ షికారు? పదకొండు కావస్తాంది, ఆయనొచ్చి కూర్చున్నాడు!" అన్నాడు. పరుగెత్తాలనిపించింది గాని, గంట ఆలస్యమైనవాడు చెమటతో వస్తే మాత్రం ఏం లాభమని నడిచే పోయినాను.

పిల్లలు రోజూ పొద్దును చూసి వచ్చేవాళ్లే గనుక ఆ వారమంతా నాకు తేడా తెలియలేదు; ఆ రోజు కూడా వాళ్లు అప్పుడే వచ్చి కూర్చుంటున్నారు. ఇనస్పెక్టరు తన వాచీ చూసుకున్నాడు. ఇక పలకల గనే అనుకున్నాను.

"సరిగ్గా పది. నిమిషం తేడా లేదయ్యా!" అన్నాడాయన.

ఆయన చేతికీ ఎర్రతోలు పట్టీయే. నిన్న సాయంత్రం మార్కాపురంలో బాగుచేయిస్తే బంట్రోతు తెచ్చి ఇచ్చాడని చెప్పి, నా వాచీ పక్కన తన వాచీ పెట్టి చూసి, రెండూ కలిసినందుకు మురిసిపోయినాడు. లోకమంతా పదకొండైతే మా ఇద్దరికీ పది. నిజం చెప్పవలసిందే గాని, అధికారి వాచీ తప్పనడానికి టెంపరవరీవాడికి హక్కెక్కడిది? వేళ తప్పని మనిషని నా గురించి రాసిపోయినాడు. ఆయన వెనక్కి పోయే రైలు ఏ టైముకు నడిచిందో నేను విచారించలేదు.

ఇప్పుడు ఊరికీ రైలుకీ బడికీ ఒకటే టైము. మంచిదే. కాని మా కాలంలో ఒక టైముకు అందనివాడు ఇంకోదానికి అందేవాడు. ఇప్పుడు ఆలస్యమైతే ఆలస్యమే.