చన్నీళ్లిచ్చి వేన్నీళ్లు తీసుకున్న వీధి

మా కొట్టంలో నిప్పు చూసే పెద్దమ్మ పోయింది. మొన్న శుక్రవారం ఇంకా పూర్తిగా తెల్లారకముందే కమ్మరాయన వచ్చి మా గుమ్మం ముందు నిలబడ్డాడు. "పెద్దమ్మ లేదప్పా. నమాజుకని లేచి కూసుందంట, అట్లే గోడకు ఒరిగిపోయిందంట" అన్నాడు. ఎంత మొండి ఇనుమునైనా వంచే మనిషి, ఆ రెండు ముక్కలు చెప్పి గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

బనగానపల్లెలో బండి కట్టే ఇంటికి ఆమెను పరిచయం చేయనక్కర్లేదు. తెలియని వాళ్ల కోసం రాస్తున్నాను. నేను చక్రాలు చేసే వడ్రంగిని. బాడిసె పట్టినంత సులువుగా కలం పట్టలేను, చదివేవాళ్లు సర్దుకోవాలి.

ఆమె నాకు పెద్దమ్మ అయ్యింది చుట్టరికంతో కాదు. ఆమె భర్త ఎద్దులకు లాడాలు కొట్టే సాయిబు. ఆయన పోయాక, నలభై దినాల ఫాతెహా అయిన మర్నాడే ఆమె వచ్చి ఆయన కొలిమి తిత్తి ముందు కూర్చుంది. ఆడమనిషి కొలిమి దగ్గర ఏమిటని ఊరు ముక్కున వేలేసుకుంది. ఆమె తిత్తి మీద చెయ్యేసింది. కొన్నాళ్లకు ఊరే వేలు తీసేసింది.

ఆ కొట్టం నలుగురిది. కమ్మరాయన, కళాయి పూసే ఆయన, పెద్దమ్మ, నేను. కప్పు ఒకటే గానీ కింద నిప్పులు నాలుగు. ఎవరి బొగ్గుల గోతం మీద వాళ్లు కూర్చునేవాళ్లం. చైత్రం వచ్చిందంటే లోపల నిలబడడం మనుషుల తరం అయ్యేది కాదు. బయట ఎండ, లోపల నాలుగు మంటలు. మధ్యాహ్నానికి ఎవడో ఒకడు కళ్లు తిరిగి పడేవాడు, మిగతా ముగ్గురం విసనకర్రతో విసిరేవాళ్లం.

ఇంతలో యుద్ధం వచ్చింది. పెట్రోలు దొరక్క బస్సులు వీపున పెద్ద డబ్బా కట్టుకుని బొగ్గుతో నడవడం మొదలుపెట్టాయి. మా కొలిమికి రావలసిన బొగ్గంతా కర్నూలు రోడ్డు మీద పొగై పోయేది. ధర అడిగి ఉత్త చేతులతో తిరిగి వచ్చే రోజులవి. ఒక ఎండాకాలం కమ్మరాయన సమ్మెట గోడకు ఆనించి, "ఇంక నాతో కాదు. కర్నూలు పోయి కూలి చేసుకుంటా" అన్నాడు. కళాయి ఆయన కూడా సంచి సర్దుకున్నాడు. అప్పటికి మామిడి కోతలు దగ్గర పడ్డాయి. కాయలు తోలే బళ్లు కట్లు వదులైపోయి కొట్టం ముందు బారులు తీరి ఉన్నాయి. ఇనుప కట్టు బిగియని చక్రం నాలుగు మైళ్లు పోకుండా విడిపోతుంది. ఆ రెండు వారాల పని పోతే ఏడాది తిండి పోయినట్టే, కొట్టం మూతపడినట్టే. నాకైతే ఇంట్లో చెప్పే ధైర్యం కూడా లేకపోయింది.

పెద్దమ్మ ఆ మాటలన్నీ వింటూ తమలపాకు ఈనె తీస్తోంది. తలెత్తకుండానే అంది.

"నాలుగు నిప్పులు ఎందుకప్పా మనకు? ఒకటి చాలదా?"

"ఒక్క కొలిమిలో నలుగురం యాడ పని చేస్తాం? నెత్తులు కొట్టుకుంటామా?" అని కమ్మరాయన కసిరాడు.

"అందురూ ఒకేసారి ఎందుకు కూసోవాల? నిప్పు దిగుతా వస్తాది గదా, దాంతో పాటు మనమూ దిగుతా వద్దాం" అంది.

ఆ మాట అర్థం కావడానికి మాకు వారం పట్టింది. అర్థమయ్యాక ఎవరి గోతం వాళ్లం తెచ్చి గుమ్మరించాం. అందరి బొగ్గూ ఒక గుట్ట చేసి, పొద్దున్నే చల్లటి వేళ ఒకే కొలిమి ముట్టించేది. మంట తెల్లగా ఉన్నప్పుడు కమ్మరాయనకు నాగటి కర్రులు. ఎర్రబడ్డాక పెద్దమ్మ లాడాలు, నా చక్రాలకు బెజ్జాలు కాల్చే చువ్వలు. ఇంకా చల్లబడ్డాక కళాయి ఆయన గిన్నెలు. తగరం కరగడానికి ఆ మాత్రం వేడి చాలు. ఆఖరున మిగిలిన నిప్పుకణికల మీద నలుగురికీ జొన్నరొట్టెలు కాలేవి. బూడిద వీధి ఆడవాళ్లకు, గిన్నెలు తోముకోవడానికి. ఎండ ముదిరేసరికి కొట్టంలో నిప్పే లేదు! కప్పు నడిమిన బోదగడ్డి తీయించి వేడి పోవడానికి దారి పెట్టించింది, వాకిట్లో తడి గోతం వేలాడదీయించింది. ఆ వేసవిలో ఎవరూ కళ్లు తిరిగి పడలేదు.

ఇక బండి కట్ల పని మిగిలింది. దానికి కొలిమి చాలదు. కట్లను నేల మీద పేర్చి, చుట్టూ పిడకలు వేసి కాల్చాలి. పెద్దమ్మ కట్లనూ పిడకలనూ పొద్దున్నుంచీ నాపరాళ్ల మీద ఎండలో పడేయించింది. సాయంత్రానికి ఆ ఇనుము మీద చెయ్యి పెడితే తోలు ఊడేది. పిడకలు గలగలలాడేవి. "ఎండకు ఇంకా ఎవురూ తాళం ఎయ్యలేదు నాయనా, వాడుకోండి" అనేది. దాంతో ఎన్ని పిడకలు మిగిలాయో నేను లెక్క చెప్పలేను గానీ, మిగిలాయి.

చిక్కంతా నీళ్ల దగ్గర వచ్చింది. ఎర్రగా కాలిన కట్టును చక్రానికి తొడిగాక వెంటనే చల్లార్చకపోతే చెక్క కాలిపోతుంది. చల్లారితేనే ఇనుము ముడుచుకుని చెక్కల్ని బిగిస్తుంది. అంతకుముందు మేం బిందెల కొద్దీ గుమ్మరించేవాళ్లం. ఆ ఏడు వీధికంతా ఉన్న బావి శెట్టెమ్మ పెరట్లోది ఒక్కటే, అదీ అడుగంటింది. మేం బిందెలతో వెళ్లేసరికి శెట్టెమ్మ గిలకకు అడ్డం నిలబడింది.

"తాగను నీళ్లు లేక మేం సస్తాంటే, మీ ఇనుముకు దప్పికయితాందా?"

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? కమ్మరాయన బిందె భుజానికెత్తి వెనక్కి తిరిగాడు. వెనకాల వచ్చిన పెద్దమ్మ కొంగు సర్దుకుంటూ ముందుకొచ్చింది.

"తాగే నీళ్లు వద్దు తల్లీ. స్నానాలకు తోడుకుండేవి ఒక బిందె ఇయ్యి. పొద్దుగూకేటప్పుడు అదే బిందెడు వేన్నీళ్లు తీసకపోదువు. ఇంట్ల కట్టెలు మిగుల్తాయి."

"ఈ మండే ఎండల్లో వేన్నీళ్లు ఎవురికి కావాలమ్మా?"

"నీ కోడలు బాలెంతరాలు గదా?"

శెట్టెమ్మ ఇంట్లోకి తొంగి చూసింది. లోపల పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది. ఆమె గిలక దగ్గర నుంచి పక్కకు జరిగింది. "ఒక్క బిందె. పోయిందంటే మాత్రం ఊరుకోను" అంది. ఆమెను చూసి వీధిలో ఇంటికొక బిందె వచ్చింది.

ఆ నీళ్ల కోసం పెద్దమ్మ మాతో నేలలో ఒక సన్నటి కాలువ తవ్వించింది, చక్రం అంచు మాత్రం మునిగేంత లోతు. లోపల నాపరాళ్లు పరిపించి సున్నం దట్టించింది. చక్రాన్ని పడుకోబెట్టి నీళ్లు గుమ్మరించడం కాదు, నిలబెట్టి అందులో తిప్పాలంది. నేను పుట్టి బుద్ధెరిగాక మా వంశంలో ఎవరూ అట్లా చేయలేదు. అదే మాట అన్నాను కూడా. "మీ వంశంలో బస్సులు బొగ్గులు తిన్యాయా?" అంది.

ఆ సాయంత్రం నేను బతికినన్నాళ్లూ మరిచిపోయేది కాదు. ఎండ దిగింది, గాలి ఆగింది. పిడకల మంటలో కట్లు ఒకదాని మీద ఒకటి ఎర్రటి వలయాలై కూర్చున్నాయి. పెద్దమ్మ కొంగు ముడిలో ఎప్పుడూ గుప్పెడు జొన్నలుండేవి. ఒక గింజ తీసి ఇనుము మీద వేసేది. అది పడీ పడకముందే పేలి ఎగిరితే "ఊ, ఎత్తండి" అనేది. గింజ పేలడం కాస్త ఆలస్యమైతే చెయ్యి అడ్డం పెట్టేది. ఆ ముసలి చేతిని దాటి అడుగు వేయడానికి పటకార్లు పట్టుకున్న ముగ్గురు మగాళ్లకు దమ్ము లేదు. కట్టు తొడిగాం, అంచు భగ్గుమంది, చక్రాన్ని లేపి కాలువలో నిలబెట్టి తిప్పాం. చుయ్యిమని ఆవిరి లేచి మా ముఖాలు కనబడలేదు. ఆ ఆవిరిలోంచి చక్రం మూలిగింది. నేను ముక్కలు ముక్కలుగా చెక్కినవన్నీ ఒక్కటిగా బిగుసుకుంటున్న చప్పుడు అది. ఎన్నో చక్రాలు చేశాను గానీ, చేతులు జోడించాలనిపించింది అప్పుడే. జోడించాను కూడా, ఆవిరిలో ఎవరూ చూడలేదనుకుని.

"చేతులు ఖాళీగా పెట్టుకోని నిలబడినావేమప్పా, తిప్పు!" అంది పెద్దమ్మ.

ఆఖరి చక్రం లేచేసరికి కాలువలో నీళ్లు పొగలు కక్కుతున్నాయి. ఉతికిన గుడ్డలో వడగట్టి ఎవరి బిందె వాళ్లకు నింపింది. ఆవిరైపోయినంత తక్కువ పడింది, ఆ కొరత తన ఇంటి బిందెలోంచి తీర్చింది. ఆ రాత్రి శెట్టెమ్మ మనవడు మా చక్రాలు చల్లార్చిన నీళ్లతో స్నానం చేశాడు. ఇప్పుడు వాడు వీధిలో కొట్టే కేకలు వింటే ఇనుము ఒంటికి పట్టిందనే అనుకుంటాం. బళ్లన్నీ మామిడికాయలతో వెళ్లాయి. కమ్మరాయన కర్నూలు పోలేదు. ఆ తర్వాత ఏ ఏడు కట్లు వేసినా, అడక్కుండానే బిందెలు వచ్చేవి.

యుద్ధం అయిపోయింది, బస్సులు మళ్లీ పెట్రోలు తాగుతున్నాయి, బొగ్గు దొరుకుతోంది. మేం మాత్రం నాలుగు నిప్పులకు తిరిగి పోలేదు. పోదామని ఎవరికీ తోచనైనా లేదు.

మొన్న ఆ పొద్దున కొలిమి ముట్టించలేదు. మేం ముగ్గురం ఏం చేయాలో తోచక కొట్టం ముందు కూర్చున్నాం. శెట్టెమ్మ వచ్చింది. చంకలో బిందె. ఆమెకిప్పుడు నడుము వంగింది, కోడలు పట్టుకుని నడిపిస్తోంది. "ఆ కాలవ కడిగినారా?" అంది. మేం లేచి నాపరాళ్లు తళతళలాడేదాకా కడిగాం. ఆమె బిందె వంచి నీళ్లు పోసింది.

"ఇన్నేండ్లు తీసకపోయినా. ఈ పొద్దు ఇచ్చిపోతా" అంది.

ఆమె వెనకాల ఇంటికొక బిందె వచ్చింది. కాలువ నిండింది. ఎవరూ నిప్పు మాట ఎత్తలేదు. ఎండ ఎక్కింది, రాళ్లు కాగాయి, నీళ్లు వెచ్చబడ్డాయి. మిట్టమధ్యాహ్నానికి పెద్దమ్మ చెల్లెలు వచ్చి వేళ్లు ముంచి చూసింది. కళ్లు తుడుచుకుంటూ, "చాలు. మా అక్కకు ఇవే కావాల" అంది. వీధి ఆడవాళ్లంతా ఆ నీళ్లు ముంచుకుని, ఆమెకు కడసారి స్నానం చేయించే ఇంట్లోకి మోసుకెళ్లారు.

ఖబరస్తాన్‌లో ఆమెకు మట్టి వేసి తిరిగి వచ్చేసరికి పొద్దు గూకింది. కాలువలో చుక్క నీళ్లు లేవు. కమ్మరాయన వంగి రాయి మీద అరచెయ్యి ఆనించి, అట్లాగే ఉండిపోయాడు. నేనూ పక్కన కూర్చుని చెయ్యి పెట్టాను. చీకటి పడ్డాక కూడా ఆ రాళ్లు చాలాసేపు వెచ్చగానే ఉన్నాయి.