పచ్చిపాల జ్వరం

నాచారంలో మా కంపెనీకి మూడు షిఫ్టులు. నా జ్వరం మాత్రం ఒక్క సెకండ్ షిఫ్టే చేసేది. పొద్దున మాయం, సాయంత్రం హాజరు. వణుకు, తర్వాత చొక్కా పిండుకునేంత చెమట, నడుం పట్టేసి మంచం దిగలేకపోవడం. రెండు నెలల్లో రెండుసార్లు టైఫాయిడ్ అన్నారు. మందులు మింగినన్నాళ్లు తగ్గేది, ఆపగానే వచ్చేది. నా ఒంట్లో క్రమశిక్షణ ఉన్నది దానికొక్కదానికే.

ఉప్పల్‌లో మూడో డాక్టరమ్మ పాత కాగితాలన్నీ పక్కన పెట్టి, "ఇంట్లో బర్రెలున్నాయా?" అని అడిగింది.

"రెండో అంతస్తుల బర్రె ఎట్లుంటది మేడం?" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. "మరి పాలెక్కడివి?"

అప్పుడు చెప్పక తప్పలేదు. నారపల్లిలో మా అక్కా బావా ఉంటారు. పొలమంతా ప్లాట్లయినా బావ రెండు బర్రెలను వదల్లేదు. ఎండాకాలంలో ఒకటి నెలలు నిండకముందే చచ్చిన దూడను ఈనింది. ఉత్త చేతులతో దాన్ని బయటికి లాగింది నేనే. ఇక ఆదివారం వెళ్తే గుమ్మపాలు, పితికిన చెంబులోంచే, నురగతో సహా.

"ఇది పశువుల నుంచి వచ్చే జ్వరం, బ్రూసెల్లా కావచ్చు. మన దగ్గర కొత్తదేం కాదు. బర్రెల గురించి అడిగేవాళ్లు తక్కువ, అందుకే టైఫాయిడ్ పేరు మీద తిరుగుతుంటది," అంటూ రక్తపరీక్ష రాసింది. "ఆ పాలు ఇంకెవరు తాగిన్రు?"

నా భార్యకు ఐదో నెల. పచ్చిపాలైతేనే బలమని ఆమెకు ఉపన్యాసమిచ్చిన పండితుణ్ణి నేనే.

డాక్టరమ్మ పెన్ను ఆగింది. "కడుపుల బిడ్డకు ప్రమాదం. రేపే తీసుకరండి."

దారి పొడుగునా ఆమెకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మెట్లు రెండేసి ఎక్కి, ఆయాసంతోనే అడిగాను. "బావోళ్లింట్ల పచ్చిపాలు ఎన్నిసార్లు తాగినవ్?"

"నువ్వే గదా తాపినవ్, మూడు ఆదివారాలు. ఏమైంది?"

చెప్పాను. ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయింది.

బావకు ఫోన్ చేస్తే ఇంతెత్తున లేచాడు. "నా బర్రెకు రోగమా? నీకు పట్నం నీళ్లు పడ్తలేవు బామ్మర్దీ!"

"తిట్టు బావా, మస్తు తిట్టు. ముందుగాల పశువుల డాక్టర్‌ను పిలువు. కాగబెట్టకుండ ఎవ్వరూ చుక్క తాగొద్దు."

నాలుగు రోజులకు ఇద్దరి రక్తపరీక్షల కాగితాలొచ్చాయి. నాకు ఉంది, ఆరు వారాల మందులు. ఆమెకు లేదు. "ఇప్పటికి లేదు, మూడు వారాలకు మళ్లీ చూద్దాం," అంది డాక్టరమ్మ.

ఆ 'ఇప్పటికి' నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. గంటకోసారి వెళ్లి ఆమె నుదుటి మీద చెయ్యి పెడుతున్నాను. కాలుతున్నట్టే ఉంటుంది.

"తియ్ జర," అంటుంది. "కాలేది నీ చెయ్యి."