విత్తనపు బార్లీ

ఉదయ్ భాస్కర్‌ది రాజమండ్రి. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం. నార్సింగిలో ఐదో అంతస్తు ఫ్లాట్‌లో భార్య దివ్యతో ఉంటాడు. లిఫ్ట్‌లో ఎవరైనా పలకరిస్తే ముక్తసరిగా జవాబు చెప్పి మళ్ళీ ఫోన్‌లోకి తలదించుకునే మనిషి. అలాంటివాడు వెనక బాల్కనీలో ధాన్యం నానబెట్టి, మొలకెత్తించి, బీరు కాస్తాడని ఆ అపార్ట్‌మెంట్‌లో ఎవరూ అనుకోలేదు.

అనుమతి లేకుండా ఇంట్లో బీరు కాయడం నేరమని అతనికి తెలుసు. అందుకే ఎప్పుడు స్టవ్ మీద పెద్ద గిన్నె పెట్టినా ముందు కిటికీలు మూసేవాడు.

ఈ సరదాకి నెలకు రెండు వేలు మించకూడదని దివ్య ముందే చెప్పింది. మొలకెత్తించి ఆరబెట్టిన విదేశీ బార్లీ తెప్పిస్తే ఒక్కసారి కాయడానికే ఆ డబ్బు అయిపోయేది. చేదు కోసం వేసే ఎండు పూలు బెంగళూరు నుంచి కొరియర్‌లో రావలసిందే, వాటిలో బేరం లేదు. ఈస్ట్‌ను మాత్రం ప్రతిసారీ కొనకుండా, బకెట్ అడుగున మిగిలిన ముద్దను సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక దాచేవాడు. ఇక తగ్గించుకోగలిగింది ధాన్యం ఖర్చే. కిరాణా కొట్లో దొరికే బార్లీకి పైపొట్టు ఉండదు, అది మొలకెత్తదు. గుర్రాల దాణా అమ్మే చోట పొట్టు తీయని బార్లీ దొరికింది కానీ సగం పుచ్చే. వెతగ్గా వెతగ్గా ఊళ్ళో ఒక విత్తనాల కొట్టు కనిపించింది.

“బాగా మొలకెత్తే బార్లీ కావాలండి.”

“దేనికి సార్?” అన్నాడు కొట్టతను, మామూలుగానే.

ఉదయ్ అటూ ఇటూ చూశాడు. “పొలంలో చల్లడానికి. మా మామగారికి.”

“అట్లయితే ఇది తీస్కపోండ్రి. ఒక్క గింజ పోదు. సీజన్ అయిపాయె, సగం ధరకే ఇస్త.”

గింజల మీద లేత ఎరుపు ఉంది. ఎర్రమట్టి అనుకున్నాడు. నానబోసినప్పుడు మొదటి నీళ్ళు గులాబీ రంగులో దిగితే దుమ్మనుకుని పారబోశాడు. నీళ్ళు మార్చి మార్చి కడిగాక రంగు తగ్గింది. మొలకలు మాత్రం ఎప్పుడూ లేనంత బాగా వచ్చాయి. ఆరబెట్టి, మిక్సీలో పలుకుగా ఆడించి, శనివారం మధ్యాహ్నం వేడినీళ్ళలో వేసి తియ్యటి రసం దించుకున్నాడు. కుదిరిందో లేదో చూడడానికి గరిటె నాకాడు కూడా.

మిగిలిన పిప్పిని ఎప్పటిలాగే బర్రెల మేతకని నర్సింహ పట్టుకుపోయాడు. నర్సింహది నార్సింగే. ఊరి పొలాల మీద రోడ్లు పడ్డాక కోకాపేట టవర్ల నీడలో రేకుల షెడ్డు వేసుకుని బర్రెలు పెంచుతున్నాడు. ఆ అపార్ట్‌మెంట్‌కి పాలు పోసేది అతనూ అతని భార్య రుక్కమ్మే. ఇంట్లో హెల్త్ డ్రింక్ చేసుకుంటామని, ఇది దాని పిప్పి అని ఉదయ్ అతనికి చెప్పాడు.

ఆదివారం పొద్దున నానబెట్టిన టబ్బు కడుగుతుంటే అడుగున గులాబీ చార కనిపించింది. సబ్బుకీ పోలేదు, పీచుకీ పోలేదు. ఫొటో తీసి కొట్టతనికి పంపాడు. వెంటనే ఫోన్ వచ్చింది.

“గది మందు రంగు సార్. పోదు.”

“ఏం మందు?”

“విత్తనానికి పట్టించేది. బూజు రాకుండ, పురుగు రాకుండ. చల్లేటప్పుడు చేతులకు గ్లౌజులు ఏస్కోమనుండ్రి మీ మామను. కోళ్ళు గిట్ల తినకుండ జర చూస్కోండ్రి.”

“తింటే?”

“తినేది కాదు సార్. విషం.”

ఉదయ్‌కి నిన్న నాకిన గరిటె గుర్తొచ్చింది, వెంటనే నర్సింహ మోసుకెళ్ళిన బుట్ట గుర్తొచ్చింది. వంటింట్లోకి పరుగెత్తాడు. దివ్య చేతిలో టీ కప్పు ఉంది.

“తాగకు. అందులోవి నర్సింహ పోసిన పాలు.”

“రెండు గుక్కలు తాగాను. ఏమైంది?”

చెప్పాడు. ఆమె కప్పును సింకులో ఒంపేసింది. నర్సింహకి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

“నువ్వు షెడ్డుకి వెళ్ళు,” అంది దివ్య. “నేను పాలు పోయించుకునే ఇళ్ళన్నిటికీ వెళ్ళి తాగొద్దని చెప్తాను.”

“ఎందుకని అడిగితే?”

“నిజమే చెప్తాను.”

ఆమెను ఆపాలనిపించింది. పోలీసులు, ఆఫీసులో తెలియడం, రాజమండ్రిలో నాన్న వినడం, అన్నీ ఒక్కసారిగా మీదపడ్డాయి. కానీ ఆపలేదు. బండి తాళాలు తీసుకుని మెట్ల మీదుగా దిగాడు.

షెడ్డులో ఒక బర్రె పడుకుని ఉంది. నోటి నుంచి చొంగ కారుతోంది, కాళ్ళు వణుకుతున్నాయి. నర్సింహ దాని మెడ నిమురుతున్నాడు.

“అన్నా, ఆ పిప్పి తీసెయ్యండి. అందులో విషముంది.”

నర్సింహకి అర్థం కాలేదు. “ఏంది సారూ? హెల్త్ డ్రింక్ అంటివి గద.”

“అబద్ధం చెప్పాను. బీరు కాశాను. అది మందు పట్టించిన విత్తనం. నాకు ఇందాకే తెలిసింది.”

రుక్కమ్మ ముందుగా పిప్పి ఉన్న తొట్టిని మిగతా బర్రెల దగ్గర్నుంచి ఈడ్చేసింది. తర్వాత తిరిగి చూసింది. “రాత్రి నుంచి దీన్ని పట్టుకొని కూసున్నం. గిప్పుడొచ్చి చెప్తున్నవా?”

“మాటలు తర్వాత,” అన్నాడు నర్సింహ. “పశువుల డాక్టర్ వస్తుండు. అది ఏం మందో గా కొట్టాయన్ని అడుగు సారూ. జల్ది.”

కొట్టతను మొదట చెప్పలేదు. పశువు తిన్నదని వినగానే, “నా పేరు బయటికి రావద్దు సార్,” అని బతిమాలాడు. చివరికి మందు ప్యాకెట్ ఫొటో పంపాడు. డాక్టర్ దాన్ని చూసి, బొగ్గుపొడి నీళ్ళు తాగించి, సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టాడు. బతుకుతుందా అని అడిగే ధైర్యం ఉదయ్‌కి లేకపోయింది. సీసా ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. సీసా కిందికి వాలుతుంటే రుక్కమ్మ వచ్చి దాన్ని తీసుకుంది.

అప్పుడే దివ్య ఫోన్ చేసింది. “అందరికీ చెప్పాను. భీమేశ్వరరావుగారి మనవరాలు రసజ్ఞ అప్పటికే గ్లాసు పాలు తాగేసింది. వాంతి అయింది. హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు.”

భీమేశ్వరరావు కింద ఫ్లాట్‌లో ఉండే రిటైర్డ్ ఇంజనీరు. రసజ్ఞకి ఆరేళ్ళు. హాస్పిటల్ చేరేదాకా ఉదయ్ ఏ దారిన వెళ్ళాడో అతనికే తెలియదు. లోపల పెద్దాయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఉదయ్ ఎదురుగా నిలబడ్డాడు, కూర్చోలేకపోయాడు.

“వాంతి దానంతటది అవలేదు,” అన్నాడాయన. “దివ్య చెప్పగానే మా ఆవిడ కంగారులో దాని గొంతులో వేలు పెట్టింది.”

ఉదయ్ మందు ఫొటో లోపలి డాక్టర్‌కి చూపించాడు. ఆవిడ అంతా విని, గింజలు అన్నిసార్లు కడిగారు కాబట్టి, అది పాలలోకి దిగినా చాలా తక్కువే అయి ఉండాలంది. అయినా సాయంత్రం దాకా చూడాలంది. గరిటె నాకినందుకు ఉదయ్‌ని కూడా పరీక్ష చేసి ఫర్వాలేదంది.

“ఉదయ్, నువ్వేం కాచుకుంటావో నాకనవసరం,” అన్నాడు భీమేశ్వరరావు. “తిండికే అని ఆ కొట్టువాడికి ఒక్క మాట చెప్పలేకపోయావా?”

“భయం వేసిందండి.”

ఆ రోజంతా తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఉదయ్ లేచి నిలబడ్డాడు. సాయంత్రం రసజ్ఞ చెప్పులు చేత్తో పట్టుకుని బయటికొచ్చి, నానమ్మను చిప్స్ కొనమని గొడవ చేసింది. ఉదయ్ వాష్‌రూమ్‌లోకి వెళ్ళి ముఖం మీద నీళ్ళు కొట్టుకుంటూ చాలాసేపు ఉండిపోయాడు.

బర్రె మర్నాడు లేచి నిలబడింది కానీ మేతకు మూతి పెట్టడానికి ఇంకా సమయం పట్టింది. పశువుల డాక్టర్ ఇక ఫర్వాలేదనే దాకా ఏ బర్రె పాలూ అమ్మలేదు, పితికి గుంటలో పోశారు. కొన్ని ఇళ్ళవాళ్ళు ప్యాకెట్ పాలకు మారి మళ్ళీ రాలేదు. మిగిలిన గింజలనూ బకెట్లో పులుస్తున్న రసాన్నీ డాక్టర్ చూపించిన చోట లోతుగా గొయ్యి తీసి పూడ్చారు. అసోసియేషన్ సెక్రటరీ ఈసారికి ఫిర్యాదు చెయ్యనన్నాడు. అయినా ఎవరో ఒకరు చేస్తారని, కాలింగ్ బెల్ మోగినప్పుడల్లా ఉదయ్ లోపలి గదిలోకి తప్పుకునేవాడు. తలుపు దివ్యే తీసేది. ఎవరూ రాలేదు. భీమేశ్వరరావు మాత్రం లిఫ్ట్‌లో ఉదయ్ ఉంటే తర్వాతి లిఫ్ట్‌కి ఆగేవాడు.

వైద్యం ఖర్చు ఉదయ్ పెట్టుకుంటానంటే నర్సింహ కాదనలేదు. ఆఫీసుకు వెళ్ళేముందు వచ్చి పని చేస్తానంటే మాత్రం ఎగాదిగా చూశాడు. “చేతనైతదా సారూ?” అన్నాడు. ఉదయ్ రోజూ రావడం మొదలుపెట్టాడు. ఏ బర్రె దగ్గినా చేతిలో పని వదిలేసి దాని మూతి కేసి చూసేవాడు. రుక్కమ్మ అతనితో మాట్లాడేది కాదు. అతను వస్తే అవతలికి తిరిగి పాలు పితికేది.

వానలు పడ్డాక ఒక పొద్దున అతను పచ్చగడ్డి మోపు దించుతుంటే ఆమె చెంబు పక్కన పెట్టింది.

“అటేస్తే తొక్కుతయ్. ఇటెయ్యి,” అంది.

అతను మోపు ఎత్తి ఆమె చూపించిన వైపు వేశాడు.