ఊట నీళ్లు ముట్టని సొరబుర్ర

మా నల్లరేగడి పల్లెల్లో పిల్లనిచ్చేవాళ్లు వరుడి మొహం చూడరు, వాడి బావి చూస్తారు. నా మొహమే చూసి ఉంటే నాకు పెళ్లే అయ్యేది కాదు. నీళ్లు ఉప్పయితే వచ్చిన కోడలు బతుకంతా కడవ మోయాలి. అందుకే ఆడపిల్లవాళ్లు తమ పరీక్ష కర్ర తామే తెచ్చుకుంటారు. కర్ర అంటే మూడు వెదుళ్లు అతికినది. కొసన ఎండిన సొరబుర్ర, దాని మూతికి గుడ్డ బిరడా, బిరడాకు సన్నతాడు. బండసందులోని ఊట దగ్గరికి బొక్కెన పోదు. కర్ర అక్కడికి దూర్చి తాడు లాగితే బిరడా ఊడి, ఊట నీళ్లే బుర్రలోకి వస్తాయి.

మా ఆవిడ మేనమామ తెచ్చిన కర్ర ముందుకొస తిరుమంగళం దాటి మా ఊరు చేరేసరికి, వెనకకొస ఇంకా ఆండిపట్టి కొండ దిగుతూ ఉంది. కుంఫిణీవారి కొలతగాళ్లు చూసి ఉంటే సిగ్గుతో తమ కొలత గొలుసులు బావిలో పారేసేవాళ్లు.

కర్ర ఆడపిల్లవాళ్లదైనా, దించే చెయ్యి మగపిల్లవాళ్లది. చేతినే నమ్మనివాళ్లకు వియ్యమెందుకని పెద్దల వాదం. ఆ చెయ్యి నాదే. పొద్దున్నే మా నాయన వంద బండ్ల తియ్యనీళ్లు (సరే, రెండు బండ్లు) తెప్పించి, మా ఉప్పుబావిలో మెల్లగా పోయించాడు. మంచినీళ్లు మీదే తేలి నిలిచాయి.

"పైనే లాగురా తాడు. కిందికి పోతివో, సచ్చేదాకా బ్రమ్మచారివే!" అని నా చెవిలో ఊదాడు.

పైనే లాగి బుర్ర నింపాను. తరువాత ఎంతో నిజాయితీగా ఊట దాకా దించాను. మేనమామ ఆ నీళ్లు పుక్కిలించి, "తేనె! మా పాప పెట్టి పుట్టింది" అన్నాడు.

పెళ్లయిన మూడోనాడు ఆమె బావినీళ్లు నోట పోసుకొని ఉమ్మింది.

"ఏమయ్యా, తాడు ఏడ లాగితివి?"

"నీ అందం చూసి ఊట ఏడ్చింది మే. కన్నీళ్లు ఉప్పగా ఉండవా?"

ఊరంతా నవ్విన మాట అది. ఆమె నవ్వలేదు. కడవెత్తుకొని అరకోసు దూరంలోని తియ్యనీళ్ల చెలమకు నడిచింది. ఇరవై ఏళ్లు నడిచింది. చుట్టకుదురు పెట్టే చోట నడినెత్తి వెంట్రుకలు రాలిపోయాయి. దానిమీదా ఒక హాస్యం కట్టాను. ఇక్కడ రాయను.

నిరుడు మా అమ్మాయికి సంబంధం వస్తే, ఆడవాళ్లు పోని ఆ బావి పరీక్షకు మా ఆవిడే బయలుదేరింది. బావి దగ్గర వరుడి తండ్రి చెయ్యి చాపాడు.

"కర్ర ఇట్లియ్యక్కా, మావాడు దించుతాడు."

"వద్దన్నా. మగోళ్ల చేతులు నాకు తెలుసు."

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను. ఆమె కర్రను బండసందులోకి దూర్చి, అడుగు తగిలాక తాడు లాగింది. పైకి తీసి ఒక గుక్క తాగింది. మిగిలినవి నా దోసిట్లో పోసింది. మా బావి ఉప్పే, అచ్చంగా.

సంబంధం వద్దని చెప్పి వస్తున్నాం. దారిపొడుగునా నా నోరు ఊరుకోదు గదా: "వీళ్ల ఊట ఎవరిని చూసి ఏడ్చిందో!"

ఆమె ఆగింది. "ఆ పొద్దు మా మామ తాడు తన చేతనే పెట్టుకొనింటే, ఈ దోవన నీ పక్కన నేనెందుకు నడుస్తా?"

కర్ర భుజాన వేసుకొని ఆమె వెనకే నడిచాను. ఇల్లు చేరగానే ఆమె కడవ తీసింది. ఇరవై ఏళ్లలో మొదటిసారి నేను కడవకు చెయ్యి చాపాను.

"ఆ చేతికా?" అని, కడవ నడుమున పెట్టుకొని చెలమకు పోయింది.