సాంబ్రాణి పట్టిన గేమ్ బాక్స్: మా సుశీల అత్తయ్య కోసం

నిన్న పొద్దున గుడివాడలో బస్సు దిగుతుంటే మావయ్య ఫోన్ చేశారు.

"మీ అత్తయ్య పోయిందిరా."

ఏ హాస్పిటల్ అని అడిగాను నేను. ఆయన అదే మాట మళ్లీ చెప్పారు, ఈసారి మెల్లగా, నన్నే ఓదారుస్తున్నట్టు. నిద్రలోనే రెండో స్ట్రోక్ అట.

వెంటనే ఇంకో బస్సెక్కి బందరు వచ్చేశాను. ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

సుశీల అత్తయ్య మాకు చుట్టం కాదు. ఎదురింటావిడ. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి. నేను కరపత్రాలు పంచుతూ వస్తుంటే వీధిలో అందరూ తలుపులు వేసుకునేవాళ్లు. ఆవిడ మాత్రం ఒకటి తీసుకుని, పూర్తిగా చదివి, అచ్చుతప్పులు దిద్ది తిరిగిచ్చేది.

రెండేళ్ల కిందట మొదటి స్ట్రోక్ వచ్చింది.

మాట తిరిగొచ్చింది. నడక తిరిగొచ్చింది. కుడిచేతి వేళ్లు మాత్రం మాట వినలేదు.

నైటీ వేసుకోమని అందరూ చెప్పారు. ఆవిడ ఒప్పుకోలేదు. అందుకని రోజూ మావయ్యే నోట్లో పిన్నీసులు పెట్టుకుని, అరిగిపోయిన మోకాళ్ల మీద కూర్చుని చీరకి కుచ్చిళ్లు పెట్టేవారు. రిటైర్డ్ గుమాస్తా కదా, ఫైలు కట్టినట్టు కట్టేవారు. ఆవిడ కదలకుండా నిలబడి కిటికీలోంచి బయటికి చూసేది.

ఒకరోజు నాతో అంది.

"ఆయన కూర్చోగలుగుతున్నారు గానీ లేవలేకపోతున్నార్రా. నా కుచ్చిళ్లు నేనే పెట్టుకోవాలి. ఇంకేం అక్కర్లేదు నాకు."

ఫిజియోథెరపీ అతను రబ్బరు బంతి ఇచ్చి నొక్కమన్నాడు. అత్తయ్యకి దాని మొహం చూస్తేనే విసుగు. కృత్తివెన్నులో వాళ్ల చెల్లెలి ఇంట్లో, వేడెక్కి ఆగిపోతోందని అటకెక్కించిన గేమ్ కన్సోల్ ఉంటే నేను తెచ్చి టీవీకి పెట్టాను.

కార్ రేస్. కుడి చూపుడువేలితో మీట నొక్కి పట్టుకుంటేనే బండి కదులుతుంది.

ఆవిడ డ్రైవింగ్ చూడాలి! రేసులో కూడా ఎడమ పక్కనే వెళ్లేది. ఎవరైనా ఓవర్‌టేక్ చేస్తే, పోనీలే పాపం, వాడికేం తొందరో అనేది. ఎప్పుడూ లాస్టే. కానీ ఫినిష్ లైన్ దాకా వెళ్లి తీరాలి.

ఆ లైన్ కనపడేలోపే ఫ్యాన్ రొద పెట్టేది, బాక్స్ చెయ్యి పెట్టలేనంతగా కాలిపోయేది, టక్కున ఆగిపోయేది. అత్తయ్య తన వేలి వంక చూసుకునేది, తప్పు దానిదే అన్నట్టు.

అది చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

విప్పాను. ఊడదీసిన స్క్రూలన్నీ ఆవిడ పోపుల డబ్బాలో, ఏ సైజువి ఆ గిన్నెలో. దుమ్ము దులిపి, చిప్ వేడిని లాగే పేస్ట్ ఎండిపోయి ఉంటే గీకేసి, కొత్తది రాశాను. కొన్నాళ్లు బాగానే ఉంది. మళ్లీ అదే కథ. మళ్లీ విప్పడం, మళ్లీ రాయడం.

చివరికి ఒళ్లో పెట్టుకుని గుడివాడలో రిపేర్ షాపుకి తీసుకెళ్లాను. బోర్డ్ తయారీలోనే లోపం ఉంది, వేడికి అతుకులు వదులుతాయి, ఎన్నిసార్లు చేసినా తిరగబెడుతుంది, కొత్తది కొనుక్కోండి అన్నాడతను.

ఇంటికొచ్చి అత్తయ్య ముందు పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. పాడయ్యేలా తయారుచేసి అమ్మే కంపెనీలు, వస్తువుని బాగుచేసుకునే హక్కు, వాడి పారేసే వ్యవస్థ. ఇవాళ వస్తువుని పారేయమంటారు, రేపు మనిషిని పారేయమంటారు అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

అంతా విని, "విప్లవం వచ్చేదాకా ఆగలేన్రా, ముందు మూత తియ్యి" అంది.

తీశాను. ఆవిడ వంగి వాసన చూసింది.

"ఒరేయ్, ఇది నా సాంబ్రాణి."

ప్రతి శుక్రవారం ఇల్లంతా ధూపం వేస్తూ, నా వేళ్లకి బలమిచ్చే యంత్రం కదా అని దానికీ వేసేదట. అదీ ఆన్‌లో ఉండగా. పొగంతా ఎంత చక్కగా లోపలికి తీసుకునేదో, చూస్తే ముచ్చటేసేదిరా అంది. అలా తీసుకున్న పొగంతా లోపల రేకుల మీద జిగురులా పేరుకుపోయి ఉంది, నేనేమో ఇన్నిసార్లూ దుమ్మే అనుకున్నాను.

మావయ్య నవ్వాపుకోలేక వరండాలోకి వెళ్లిపోయారు.

స్పిరిట్ పోసి పాత టూత్‌బ్రష్‌తో కడిగాం. నేను తోముతానంటే వినలేదు, కుడిచేత్తో తనే తోమింది. బోర్డ్ లోపం అలాగే ఉంది, దాన్ని మనం ఏమీ చెయ్యలేం. కానీ పక్కన టేబుల్ ఫ్యాన్ పెడితే ఒక రేస్ పూర్తయ్యేది. అత్తయ్య సాంబ్రాణి మానలేదు. శుక్రవారం పూట మావయ్యే బాక్స్‌ని చంకన పెట్టుకొచ్చి మా ఇంట్లో దింపి, పొగ తగ్గాక వచ్చి తీసుకెళ్లేవారు.

మొదటిసారి ఫినిష్ లైన్ దాటినప్పుడు అత్తయ్య కంట్రోలర్ పక్కన పెట్టి, వేళ్లకి పట్టిన చెమట కొంగుతో తుడుచుకుంది.

ఈ వేసవిలో ఒక పొద్దున నేను వెళ్లేసరికి మావయ్య కుర్చీలో కూర్చుని ఉన్నారు. పిన్నీసులు నోట్లోనే ఉన్నాయి. గది తలుపు వేసి ఉంది.

చాలాసేపటికి అత్తయ్య బయటికొచ్చింది. కుచ్చిళ్లు ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. అంచు ఒక పక్క పైకి లేచిపోయింది.

ఎలా ఉందని ఆయన్ని అడిగింది.

ఆయన పిన్నీసులు నోట్లోంచి తీసి, "బాగుందే" అన్నారు.

ఆ రోజు నుంచి ఆయన్ని మోకాళ్ల మీద కూర్చోనివ్వలేదు.

నిన్న స్నానం చేయించాక ఆడవాళ్లు కొత్త చీర తీసుకుని లోపలికి వెళ్తున్నారు. మావయ్య లేచి గుమ్మం దాకా వెళ్లారు.

"కుచ్చిళ్లు మరీ సమంగా పెట్టకండమ్మా. ఈమధ్య తను కట్టుకున్నట్టే కట్టండి."

వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మా అమ్మకి అర్థమైంది. అలాగే కట్టింది.

వెళ్లిరా అత్తయ్యా.

నీ దారి చల్లగా ఉండాలి. నీ మనసు నెమ్మదిగా ఉండాలి.