మెషిన్ అబద్ధమాడదన్నాను

తప్పు నాది. సువార్తమ్మ మీద పడనిచ్చాను. ఇన్నేళ్ళూ ఈ బరువు మోస్తూనే ప్రార్థన కూటాల్లో ముందు వరసలో కూర్చున్నాను.

మేడ్చల్‌లో మా చర్చి సంఘానికో వెబ్‌సైట్ ఉంది. ప్రకటనలు రాసేది సువార్తమ్మ, సర్వర్ చూసేది నేను. ఆదివారం అందరూ పాటల కోసం ఒక్కసారే తెరిస్తే అది కూలబడేది. సుచిత్ర సెంటర్ నుంచి కూటాలకు వచ్చే ఇంజనీరొకడు "తాతా, గివన్నీ నీకెందుకు?" అని నవ్వాడు. నాకు మండింది. జీడిమెట్లలో లేతు మిషన్ మీద బతికినవాణ్ని, ఏ పనీ నాకెవడూ నేర్పలేదు. ఇదీ కూర్చుని నేర్చుకున్నాను. అడిగిన ప్రతివాడికీ పేజీని కొత్తగా తయారుచేయకుండా, ఒకసారి చేసిన కాపీని దాచి అందరికీ అదే ఇచ్చేలా మార్చాను. క్యాష్ అంటారు దాన్ని. ఆ కాపీ ఒక రోజంతా నిలవుండేలా పెట్టాను. సైటు పరుగెత్తింది. పాస్టరుగారు అందరి ముందూ మెచ్చుకున్నారు.

ఆ ఎండాకాలమే మా సంఘంలోని దేవదానం పోయాడు. సమాధి సాయంత్రం నాలుగింటికన్నారు. ఎండలకు శవం ఆగదని మళ్ళీ పొద్దున పదకొండుకు మార్చారు. యాప్రాల్‌లో ఉండే తమ్ముడు దావీదుకు అన్నతో మాటల్లేవు. అతనికెవరూ ఫోను చేయలేదు. పేజీలో నాలుగని చూసి, కాస్త ముందే చేరాలని మధ్యాహ్నానికే వచ్చాడు. అప్పటికే మట్టి కప్పేశారు.

సమాధుల తోట గేటు దగ్గర సువార్తమ్మను పట్టుకున్నాడు. "నాలుగని పెడ్తివి గదమ్మా! మా అన్న మొఖం గూడ సూడనియ్యకపోతివి."

"నిన్ననే మార్చిన దావీదన్నా. పదకొండని పెట్టిన. నా కండ్లతోని సూస్కున్న."

"పాటల కూటం ఫోటోలైతే జల్దీ పెడ్తది," అని వెనక నుంచి ఎవరో ఆడమనిషి అంది.

సువార్తమ్మ నా వైపు తిరిగింది. "అన్నా, నువ్వన్న జెప్పు."

"ఏమోనమ్మా. మెషినైతే అబద్ధమాడదు. ఏది పెడ్తె అదే సూపెడ్తది."

అప్పటికి నాకు తెలుసా? సగం తెలుసు. ఆ సగాన్ని నొక్కేసింది భయమా, ఆ ఇంజనీరు నవ్వుతాడన్న కోపమా, ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను.

ఇంటికొచ్చి చూశాను. సర్వర్ లోపల పదకొండే ఉంది, ముందు రోజే రాసింది. దాచిన కాపీలో మాత్రం నాలుగు. రాసే మనిషికి ఎప్పుడూ కొత్త పేజీయే కనబడుతుంది. అందుకే ఆమె అంత గట్టిగా చెప్పింది. నేనేం చేశాను? కాపీని చెరిపేశాను. సరిచేస్తున్నాననుకున్నానా, గుర్తు లేకుండా చేస్తున్నాననుకున్నానా? ఆ సాయంత్రం జనం తెరిచి చూస్తే పదకొండని ఉంది. "సూసిన్రా, తిట్లు పడ్డంక మార్చింది," అన్నారు. ఆమెకున్న ఒక్క సాక్ష్యాన్నీ నేనే ఆమె మీదికి తిప్పాను.

ఆమె ప్రకటనలు రాయడం మానేసింది. కొన్నాళ్ళకు శామీర్‌పేటకు మారిపోయింది. నేను మాత్రం సైటు ఎందుకంత వేగమో అడిగినవాళ్ళకల్లా వివరించాను. అడగని వాళ్ళక్కూడా. అందరికీ వేగం కావాలి, నేనిచ్చాను, అందులో తప్పేముందని ఎన్నిసార్లో నాతో నేనే కొట్లాడాను. తప్పు చేసినవాడికి ఇంత రోషమెందుకు? తెలియదు.

మొన్న ఆమె ఇంటికి వెళ్ళాను. ఆమె మంచినీళ్ళిచ్చింది. తాగకముందే అంతా చెప్పేశాను. కాపీ సంగతి ఆమెకు అర్థమయ్యేదాకా రెండుసార్లు చెప్పాను. చెప్పాక నాకు గుండె తేలికైంది. ఆ తేలికదనానికి నాకే సిగ్గేసింది. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ఆమె గుమ్మం వైపు చూస్తూ అంది:

"గప్పటి సంది తాళమేసి నాలుగడుగులేస్త, మల్ల ఎనక్కొచ్చి గుంజి సూస్త. స్టవ్ బంద్ జేసిన్నా లేదా అని సగం తొవ్వలకెల్లి తిరిగొస్త. నా మతే పోయిందనుకున్న. మెషిన్ అబద్ధమాడదని గప్పుడు నువ్వే అంటివి, మెషినే ఆడిందని ఇప్పుడూ నువ్వే అంటున్నవ్. ఇగ నేను దేన్ని నమ్మాలె అన్నా?"