బానెట్ మీద ఆరబెట్టిన సోల్స్

నా చిన్నప్పుడు మా సాలూరులో వానాకాలం వచ్చిందంటే తడి బట్టలన్నీ లారీ ఎక్కేవి. మా వీధిలో దాదాపు అందరివీ లారీ బతుకులే. కొండదారి ఘాటీ దిగి వచ్చిన బండి క్యాబిన్‌లో, డ్రైవరు సీటు పక్కన ఇంజను మీద ఉండే బానెట్ చాలాసేపు కాలుతూనే ఉంటుంది. మేజోళ్లు, యూనిఫారాలు, పసిపిల్లల గుడ్డలు దాని మీద పరిస్తే ఇట్టే ఆరిపోయేవి. ఆ అలవాటే నా కొంప ముంచింది.

నాకప్పుడు పదేళ్లు. అందరి పాదాల కిందా ఉండే గుంట నాకు లేదు. కాస్త దూరం నడిస్తే చీలమండలు లోపలికి వాలిపోయి మోకాళ్ల దాకా ఒకటే సలుపు. మా నాన్న ట్రిప్పులు మానుకుని విశాఖ తీసుకెళ్తే, అక్కడి డాక్టరు గారు పాదాల అచ్చు తీసి, బూట్లలో పెట్టుకునే సోల్స్ చేయించి ఇచ్చారు. పాదం మధ్యలో ఆనుకునేలా ఎత్తుగా ఉండేవి. మొదట రోజుకో గంట వేసుకుని, మెల్లగా పెంచుకోమన్నారు. తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టాలట, వేడి అస్సలు తగలకూడదట, ఎక్కడైనా ఒరుసుకుంటే వెంటనే తీసుకురావాలట. నొప్పి ముదిరితే ఆపరేషన్ దాకా పోవచ్చని కూడా అన్నారు. మిగతావన్నీ మరిచిపోయాను గానీ ఆ ఒక్క మాట మాత్రం గుండెల్లో ఉండిపోయింది.

సోల్స్ తుడిచే పని మా తాతయ్య తీసుకున్నారు. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ లారీ నడిపిన మనిషి. రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని, బండి అద్దాలు తుడిచినంత శ్రద్ధగా తుడిచేవారు.

ఒకరోజు స్కూలు నుంచి వస్తుంటే వాన దంచేసింది. బూట్ల నిండా నీళ్లు. తాతయ్య ఇంట్లో లేరు. నాన్న బండి అప్పుడే వచ్చి ఆగింది. మేజోళ్లతో పాటు సోల్స్ కూడా తీసి బానెట్ మీద పెట్టేశాను. కాసేపాగి చూద్దును కదా, ఎత్తుగా ఉండాల్సిన చోటు కుంగిపోయింది, ఒక అంచు పైకి లేచింది. పై ప్రాణాలు పైనే పోయాయి. చేత్తో వంచాను, పుస్తకాల కింద నొక్కాను, మొర్రో అన్నా మునుపటిలా కాలేదు. గప్‌చుప్‌గా బూట్లలో దూర్చేశాను.

ఆ తర్వాత మూడు వారాలు ఎలా గడిచాయో నాకే తెలుసు. అంచు ఒరుసుకుని కుడి పాదం బొబ్బకట్టింది. నొప్పి అని చెబితే ఆపరేషన్, నిజం చెబితే నాన్న కోపం. లేవగానే పాదం తడిమి చూసుకునేదాన్ని. అన్నం సహించేది కాదు. చిత్రం ఏమిటంటే, ఆ రోజుల్లో తాతయ్య కూడా సరిగ్గా తినలేదు. సోల్స్ తిప్పి తిప్పి చూసి, నా మొహం చూడకుండా బూట్లో పెట్టేసేవారు. కనిపెట్టేశారేమోనని నాకు ఒకటే వణుకు.

చివరికి నేను కుంటడం ఆయన కంటపడనే పడింది. "ఏటే అమ్మీ, కాలీడుస్తన్నావు? ఏదీ, సూడనీ" అంటూ మేజోడు లాగేశారు. బొబ్బ చూసి మొహం పాలిపోయింది. నాన్న బండేసుకుని రాయగడ వెళ్లి ఉన్నారు. మర్నాడు పొద్దున్నే తాతయ్యే నన్ను విశాఖ బస్సెక్కించారు.

సోల్స్ చేతిలోకి తీసుకోగానే డాక్టరు గారికి కోపం వచ్చింది. ఇలా ఎందుకయ్యాయని గదిమారు. నేను నోరు తెరిచేలోగా తాతయ్య చేతులు జోడించేశారు.

"నానే సెడగొట్టేసినాను బాబూ. మొరటు సేతులు, గట్టిగా రుద్దేసినాను. పాపని ఏటీ అనకండి."

ఆయన వయసులో సగం లేని డాక్టరు గారు చడామడా మందలిస్తుంటే, "తప్పయిపోనాది బాబూ" అంటూ తల వంచుకుని నిలబడ్డారు. నన్ను కాపాడటానికి అబద్ధం ఆడుతున్నారనుకున్నాను. అయ్యో, నా వల్ల తాతయ్య ఇన్ని మాటలు పడాలా! చూడలేక భోరుమన్నాను. బానెట్ సంగతంతా కక్కేశాను.

డాక్టరు గారు మెత్తబడ్డారు. ఆపరేషనూ లేదు ఏమీ లేదు, బొబ్బ మానాక కొత్తవి వేసుకుందువుగాని అని మళ్లీ అచ్చు తీసుకున్నారు. మొదటి రోజే వచ్చి ఉంటే ఈ బొబ్బ కూడా ఉండేది కాదన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

తిరుగు బస్సు విజయనగరం దాటింది. తాతయ్య అరచేతులు రెండూ తిప్పి చూసుకుంటూ, మెల్లగా అడిగారు.

"నిజంగా నా సేతులు కాదేటే?"

అప్పుడర్థమైంది నాకు. ఆయన ఆడింది అబద్ధం కాదు. మనవరాలి కాలు తన వల్లే పాడైపోతోందని అన్ని రోజులూ నమ్మి, నాలాగే హడలిపోయి, నాలాగే దాచుకున్నారు. కాదు తాతయ్యా, కాదు అని ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉన్నాను.

నా పాదాలు బాగానే ఉన్నాయి. రోజంతా నిలబడే ఉద్యోగమే చేస్తున్నాను. ఏదైనా తప్పు చేస్తే ఆ పూటే ఒప్పేసుకుంటాను. అందరూ నాది గట్టి గుండె అనుకుంటారు. ధైర్యమా, నా మొహమా! నేను నోరు మూసుకున్న పాపానికి ఎవరో తమ చేతుల్ని తామే తిట్టుకుంటూ కూర్చుంటారేమోనన్న భయం, అంతే.